పట్టీలు విప్పించిన రెబెకా

బిజినేపల్లి దగ్గరి ఆ పల్లెలో రెబెకా ఇల్లెక్కడని అడిగితే, "పట్టీలు ఇప్పించిన రెబెకమ్మనా?" అని నవ్వుతూ చూపిస్తారు. ముప్పై ఎనిమిదేళ్ల మనిషి. ఏడో తరగతి దాకా చదివింది. ఆదివారం చర్చిలో అందరికన్నా గట్టిగా వినిపించేది ఆమె గొంతే.

తండ్రి జంగయ్య వయసులో ఉన్నప్పుడు కాలువలు తవ్వే పనికి కర్ణాటక పోయాడు. అక్కడ మేస్త్రీ కట్టె పట్టుకుని కాపలా కాసేవాడట. ఒక మధ్యాహ్నం మేస్త్రీ కునుకు తీస్తే జంగయ్య చేన్లకు అడ్డంపడి పారిపోయి వచ్చాడు.

రెబెకా అంత దూరం పోలేదు. ఏటా గద్వాల వైపు పత్తి విత్తనాల చేన్లలో క్రాసింగు పనికి పోయేది. సాయంత్రం మొగ్గలు ఒలిచిపెట్టి, మరునాడు పొద్దున మగపువ్వు పుప్పొడిని వాటికి అద్దాలి. పొద్దెక్కితే ఆ రోజు పువ్వు ఇక పనికిరాదు.

పోయిన ఏడాది ఆమె గుంపు, ముప్పై ఒక్క మంది, విత్తన కంపెనీ తరఫున పంట చేయించే ఒక కొత్త ఆర్గనైజరు చేనికి పోయారు. దిగిన రోజే ఆధార్ కార్డులు తీసుకున్నారు. ఏదో ఒప్పందమని, చదివి వినిపించకుండానే ఫోనులో వేలిముద్ర వేయించుకుని ఒక్కొక్కరి చేతికి నల్ల పట్టీ బిగించారు. చెయ్యి కాసేపు ఆగితే అది జుమ్మని వణుకుతుంది. పట్టీ మీద పచ్చ లైటు వెలిగితేనే గేటు తెరుచుకుంటుంది. దాన్ని మనంతట మనం విప్పలేం.

తిట్టేవాళ్లు లేరు, కొట్టేవాళ్లు లేరు. సూపర్‌వైజర్ విజయ్ మర్యాదస్తుడు. అందుకే మొదట్లో ఎవరికీ ఏమీ అనిపించలేదు. వారం తిరిగేసరికి మంచినీళ్లకు పోవాలన్నా చెయ్యి వైపు చూసుకోవడం అలవాటైంది. రెబెకా ఫోనులో తండ్రికి చెప్పుకుంది.

"మా మేస్త్రీ పండుకున్నడు గనక నేను ఉరికిన బిడ్డా," అన్నాడు జంగయ్య. "ఇది పండుకోదు గద!"

ఒక పొద్దున అదే గుంపులోని బుజ్జమ్మకు ఫోను వచ్చింది. ఆమె కూతురు సుష్మితకు నొప్పులొస్తే అచ్చంపేట దవాఖానలో చేర్చారు. బుజ్జమ్మ గేటు దగ్గరికి ఉరికింది. ఎర్ర లైటే వెలిగింది.

"నా చేతుల ఏం లేదక్కా," అన్నాడు విజయ్. "పని అయ్యేదాక సిస్టం ఒప్పుకోదు."

"జర ఆ సిస్టంను పిలువు తమ్మీ, నేను మాట్లాడుత," అంది రెబెకా.

"అది మనిషి గాదక్కా, కంప్యూటరు."

రెబెకాకు తండ్రి గుర్తొచ్చాడు. ఆయనకు కనీసం కాళ్లు పట్టుకుని బతిమాలడానికి ఒక మేస్త్రీ ఉండేవాడు. ఇక్కడ వినడానికి చెవులే లేవు. చేనులో అప్పుడే పువ్వులు విచ్చుకుంటున్నాయి. ఆమె చేతిలోని మగపువ్వుల గిన్నె కింద పెట్టి గట్టు మీద కూర్చుంది. బుజ్జమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"నాకు భయమైతుందక్కా," అంది గీత. అందరిలో చిన్నది ఆమే.

"నాక్కూడ అయితుంది. నీ చెయ్యియ్యి," అంది రెబెకా.

కాసేపట్లో ముప్పై ఒక్క మందీ గట్టు మీదికి చేరారు. ముప్పై ఒక్క పట్టీలూ కందిరీగల్లా మోగాయి.

"ఎండెక్కుతుందక్కా, పువ్వులన్ని పోతయి!" విజయ్ ఉరికొచ్చాడు.

"పోనీ. మనిషి బాధకు మనిషి రావాలె. వచ్చినంక లేస్తం," అంది రెబెకా.

విజయ్ ఫోను చేస్తే పదింటికి కారు వచ్చింది. ఆర్గనైజరు దిగి, "ఏందమ్మా ఈ పరేషాన్? సిస్టం రూల్ అది," అన్నాడు.

"మరి మీరెట్ల లోపటికి వచ్చిండ్రు సార్? మీ చేతికి పట్టీ లేదు గద!" అని అడిగింది రెబెకా.

ఆయన ఒకసారి చేను వైపు చూసి, జేబులోంచి ఫోను తీసి ఏదో నొక్కాడు. గేటు తెరుచుకుంది. అంతే, రెప్పపాటు పని. అందరూ చూశారు. ముందు గీత నవ్వింది, ఆ తర్వాత గట్టంతా నవ్వింది.

"గేటొక్కటే గాదు సార్," అంది రెబెకా. "పట్టీలు ఇప్పాలె, మా కార్డులు మాకియ్యాలె. అప్పుడే గిన్నెలు పట్టుకుంటం."

ఆర్గనైజరు సరేనన్నాక విజయ్ కార్డులు తిరిగిచ్చి, కత్తెర తెచ్చి ఒక్కొక్క పట్టీ కత్తిరించాడు. ముందు బుజ్జమ్మది. ఆమెను తనే బండి మీద గద్వాల బస్టాండులో దింపాడు. పొద్దుగూకేసరికి ఆమె మనుమరాలిని ఎత్తుకుంది. మిగతావాళ్లు తెల్లటి మచ్చలు పడ్డ మణికట్లు రుద్దుకుంటూ, పాటలు పాడుతూ, వాడకుండా మిగిలిన పువ్వులన్నిటికీ పుప్పొడి అద్దారు.

రెబెకా అక్కడితో ఊరుకోలేదు. గుంపుతో పోయి కార్మిక శాఖ ఆఫీసులో దరఖాస్తు ఇచ్చింది. తనిఖీలు జరిగాయి. ఇంకో మూడు చేన్లలోనూ పట్టీలు పోయాయి. ఇప్పుడు ఆమె గుంపులో ఎవరూ ఒప్పందాన్ని అందరి ముందు చదివించుకోకుండా వేలిముద్ర వేయరు.

మొన్న వనపర్తిలో కూలీల సభకు ఆమెను పిలిచారు. మాట్లాడి దిగగానే కాలేజీ పిల్ల ఒకతె అడిగింది: "ముందు ముందు ఇంకా తెలివైనయి వస్తయి గద ఆంటీ, అప్పుడేం చేస్తరు?"

"రానీ బిడ్డా. ఎంత తెలివైందైనా ఎవడో ఒకడు పెట్టిందే గద. వాన్ని దేవులాడి పట్టుకొని ఎదురుంగ కూసుంటం."

కల్వకుర్తి బస్సుకు టైమైందని రెబెకా చెప్పులు తొడుక్కుంది. అక్కడ చేతులకు పట్టీలున్న నలభై మంది కూలీలు ఆమె కోసం ఎదురుచూస్తున్నారు.