పళ్ళ గదిలో ఉప్పునీటి తొట్టె

దక్షిణాఫ్రికాలో అన్ని రంగులవాళ్ళూ కలిసి ఓటు వేసిన మొదటి ఎన్నికల మరుసటి ఏడాది, అక్కడ నడివేసవి అయిన జనవరి ఎండల్లో, క్వాజులు-నటాల్ రాష్ట్రంలోని ఒక ప్రభుత్వాసుపత్రిలో దంతవైద్యాధికారిగా చేరాను. ఆసుపత్రి డర్బన్ శివార్లలోని షాల్‌క్రాస్‌కు దగ్గర్లో ఉండేది. నా చదువు, తొలి ప్రాక్టీసు విజయవాడలో. మావంటి విదేశీ డాక్టర్లకు అక్కడ మొదట పరిమిత రిజిస్ట్రేషన్ మాత్రమే ఇచ్చేవారు. ప్రభుత్వాసుపత్రిలో, పై అధికారి కనుసన్నల్లోనే పనిచేయాలి. ఆయన మన పని బాగుందని రాస్తే ఉంటాం, లేకపోతే పెట్టె సర్దుకుంటాం. నా పై అధికారి సూపరింటెండెంట్ డాక్టర్ మూడ్లీ. శుభ్రమన్నా, ఫిర్యాదు లేకపోవడమన్నా ఆయనకు ప్రాణం.

రంగును బట్టి విడివిడిగా నడిచిన ఆసుపత్రులను అప్పుడే కలుపుతున్నారు. మూతపడ్డ వాటి సామాను మిగతావాటికి పంచుతున్నారు. నేను రెండో డెంటల్ కుర్చీ కావాలని అడిగాను. లారీ దిగింది ఒక పెద్ద గాజు తొట్టె. పూర్వం తెల్లవాళ్ళ ఆసుపత్రిలో రోగులు కూర్చునే హాల్లో, సముద్రపు చేపలు పెంచిన తొట్టె అది. చేపలు ఎప్పుడో పోయాయి. జానెడు లోతు మురికి నీళ్ళు, అడుగున ఇసుక, ఒక పెద్ద రాయి మిగిలాయి.

"రోగుల గుండె నెమ్మదిస్తుంది," అన్నారు డాక్టర్ మూడ్లీ సంతోషంగా. మా హాలుకు రంగులు వేస్తున్నారు కాబట్టి, నీటి కుళాయి, కాలువ ఉన్న నా గదిలోనే దాన్ని దింపించారు. బాగుచేసే పని కూడా నాకే వచ్చింది. మాది సముద్రం పక్క రాష్ట్రమని ఆయన ఎక్కడో విన్నారట. విజయవాడకు సముద్రం కనపడదని చెప్పినా వినలేదు.

నా సహాయకురాలు సులోచనా నాయుడు. వాళ్ళ ముత్తాత చెరకు తోటల్లో పనికి విశాఖ వైపు నుంచి ఓడెక్కి వచ్చాడు. ఆవిడ ఇంగ్లీషులోనే బతికేది. తెలుగు మాత్రం తిట్టడానికీ, దణ్ణం పెట్టడానికీ దాచుకుంది. తొట్టె మూత తీయగానే ముక్కు మూసుకుంది.

"దరిద్రం! సచ్చిపోయె కంపు, డాక్టరమ్మా! పారేయి, మ్యాన్!"

కంపు ఇసుకది. పైన బూడిద రంగు, కింద కాటుక నలుపు. గాలి ఆడని చోట చేరిన సూక్ష్మజీవులు వదిలే వాయువు కుళ్ళిన గుడ్డు వాసన వేస్తుంది. చిగుళ్ళ జబ్బు ముదిరిన నోట్లో జరిగేదీ దాదాపు ఇదే కాబట్టి నాకు వెంటనే ధైర్యం వచ్చింది. డాక్టర్ మూడ్లీ అంతటినీ బ్లీచింగులో నానబెట్టమన్నారు. నేను ఒప్పుకోలేదు. నోట్లోలాగే అక్కడ కూడా మేలు చేసే సూక్ష్మజీవులుంటాయి. అవి పోతే కొత్త చేపలు తమ మలంలోని విషానికే చస్తాయి. పైపొర ఇసుకను ఒక బక్కెట్లో విత్తనంగా, రాయిని పాత నీళ్ళతోనే ఒక డ్రమ్ములో దాచాం. నల్లదాన్ని బయట పారేశాం. సులోచన మరిది తన బక్కీలో (వెనక సామాను వేసుకునే చిన్న బండి) సముద్రపు నీళ్ళు డ్రమ్ములతో తెచ్చాడు. కొత్త ఇసుకను ఆ నీళ్ళతోనే కడిగాం. కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది.

గాజుకు పట్టిన సున్నపు పెళ్ళలు పళ్ళ గారలాగే మొండివి. మాస్కు కట్టుకుని, గార తీసే స్కేలరుతో గీకాను. తలుపు సందులోంచి చూసిన ఒక ముసలావిడ, ముందు ఆ తొట్టె పేషెంటును కానివ్వమని తన నంబరు వదులుకుని వెళ్ళిపోయింది. మూలల్లో బురద మిగిలితే, రోగి నోట్లోని నీళ్ళు లాగే సక్షన్ గొట్టం పెట్టాను. అది కాసేపు గరగరలాడి ఆగిపోయింది. మరమ్మతుల అధికారి మిస్టర్ మ్ఖీజే వచ్చి, యంత్రం విప్పి, ఫిల్టర్ని అరచేతిలో బోర్లించుకున్నాడు.

"హావు! డాక్టర్, ఈ ఇసుక ఎవరి నోట్లోంచి వచ్చింది?"

తొట్టె తళతళలాడింది. ఇసుక పరిచాం, నీళ్ళు నింపాం, ఉప్పదనం సరిచూశాం, రాయి లోపల పెట్టాం. లోపల ఇంకేమైనా బతికుందేమో పరీక్షకని సులోచన రెండు చేపముక్కలు వేసింది. ఏమీ కదల్లేదు.

ఆ మధ్యాహ్నమే మిస్టర్ గోవెండర్ వచ్చాడు. డర్బన్‌లోనే సీ కౌ లేక్ అనే పేటలో ఉండే రిటైర్డ్ బస్సు డ్రైవరు. కింది దవడ పన్ను పుచ్చి వాచింది. మత్తు ఇచ్చాను. నొప్పి ఉండదు, నొక్కినట్టు మాత్రం తెలుస్తుందని చెప్పాను. ఎలివేటర్ అనే పనిముట్టుతో పన్ను వదులు చేసి, పటకారు బిగించి, పక్కకు వంచాను.

టప్!

వేరు విరిగితే సరిగ్గా అలాంటి చప్పుడే వస్తుంది. విరిగిన ముక్క కోసం ఎముక తవ్వాలి. పన్ను లాగి చూస్తే రెండు వేర్లూ కొనలతో సహా క్షేమం. మరి విరిగిందేమిటి? వేలు పెట్టి దవడంతా తడిమాను. ఎక్స్‌రే తీశాను. ఏమీ లేదు. దూది కరుచుకున్న గోవెండర్ కళ్ళు గుడ్లగూబవైపోయాయి. ఏమీ విరగలేదన్నాను. ఆయన నన్ను నమ్మకుండా సులోచన ముఖం చూశాడు. ఆవిడ ముఖంలో అబద్ధం నిలవదు. ఆయన చెంప పట్టుకుని లేచి వెళ్ళాడు.

మర్నాడు పొద్దున్నే తల చుట్టూ గడ్డం కిందుగా పెద్ద దుప్పటి గుడ్డ కట్టుకుని సూపరింటెండెంటు ముందు కూర్చున్నాడు. ఇండియా డాక్టరు తన దవడ విరగ్గొట్టిందని ఫిర్యాదు. డాక్టర్ మూడ్లీ ఆయన్ని వెంటబెట్టుకుని నా గదికి వచ్చి, ఎక్స్‌రేను లైటుకు పెట్టి చాలాసేపు చూశారు. దవడ బాగానే ఉందన్నారు.

గోవెండర్ గుడ్డలోంచే గొణిగాడు. ఫోటో చూడనక్కర్లేదు, తన చెవులతో విన్నాడట. నర్సును అడగమన్నాడు.

డాక్టర్ మూడ్లీ సులోచన వైపు తిరిగారు. ఆవిడ నా వైపు జాలిగా చూసి, నాకు మాత్రమే అర్థమయ్యే భాషలో అంది: "నేను విన్నది, డాక్టరమ్మా. అబద్దం చెప్పేది లేదు." తర్వాత అదే మాట ఇంగ్లీషులో ఆయనకు చెప్పింది.

డాక్టర్ మూడ్లీ కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టారు. ఆ తుడుపు మంచిది కాదని ఆసుపత్రిలో అందరికీ తెలుసు. ఇది రాతలోకి వెళ్తే నా రిజిస్ట్రేషన్ సంగతి ఏమిటా అని నేను కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్నాను.

టప్!

గోవెండర్ చెంప పట్టుకుని "మళ్ళీ విరిగింది!" అని అరిచాడు. డాక్టర్ మూడ్లీ చెయ్యి ఆయన సొంత దవడ మీదికి పోయింది. సులోచన ఇష్టదైవాన్ని పిలిచింది. ఎవరి నోట్లోనూ పటకారు లేదు.

టప్!

ఈసారి అందరం తొట్టె వైపే తిరిగాం. రాతి కన్నంలోంచి వేలంత రొయ్య ఒకటి, ఒంటికి మించిన పటకారులాంటి డెక్క ఒకటి చాచి, నిన్న సులోచన వేసిన చేపముక్కను లోపలికి లాక్కుంటోంది. మళ్ళీ డెక్క మూసింది, మళ్ళీ గాజు పగిలినంత చప్పుడు. డాక్టర్ మూడ్లీ సముద్ర జీవులు తెలిసిన మిత్రుడికి ఫోను చేశారు. దాన్ని పిస్తోలు రొయ్య అంటారట. ఆ చప్పుడుతోనే వేటాడుతుందట. మురికిలో ముడుచుకున్నది శుభ్రమైన ఉప్పునీళ్ళూ తిండీ తగిలేసరికి కోలుకుంది.

గోవెండర్ గుడ్డ విప్పాడు. నోరు అటూ ఇటూ ఆడించాడు. ఆయన ముఖంలో ఊరట కంటే ఇరకాటమే ఎక్కువ కనిపించింది. సీ కౌ లేక్ అంతా తన దవడ విరిగిందని నమ్మి గంజి పంపుతోందట. ఇప్పుడు వాళ్ళకేం చెప్పాలి?

"రొయ్య విరిచింది చెప్పు," అంది సులోచన తెలుగులోనే. నేను ఇంగ్లీషులో చెబితే డాక్టర్ మూడ్లీ నవ్వారు, ఆయన నవ్వు చూసి గోవెండర్ కూడా నవ్వాడు. ఫిర్యాదు అక్కడితో ముగిసింది. రంగులు ఆరాక తొట్టె హాలుకు వెళ్ళింది.

ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నంతకాలం, పన్ను పీకే ముందు రోగికి నొప్పి గురించే కాక చప్పుడు గురించి కూడా చెప్పాను. మత్తు నరాన్ని మొద్దుబారుస్తుంది, చెవిని కాదు. చిన్న కిర్రుమన్నా దవడ ఎముక గుండా రోగికి తలుపు విరిగినట్టు వినిపిస్తుంది. ముందే తెలిసినవాడు కుర్చీలో కదలడు. తెలియనివాడు మర్నాడు సూపరింటెండెంటు గదిలో ఉంటాడు.