ఎండను చూసి వేసుకున్న బట్టలు

మొన్న హైడెల్‌బర్గ్ నుంచి వచ్చిన మా అమ్మాయి, చలికాలం పడవ నడిపేటప్పుడు వేసుకునే రబ్బరు సూటును బాల్కనీలో ఆరేసింది. పొద్దున్నే తెర తీసేసరికి తల లేని మనిషెవరో వేలాడుతున్నట్టు కనిపించి చేతిలో టీ కాస్తా ఒలికిపోయింది. మన వయసువాళ్ళకు గుండెదడ ఊరికే రాదు కదా, దాని వెనక ఏదో ఒక పాత సంగతి ఉంటుంది.

అవి కరోనా రోజులు, మేము ఉంటర్‌ఫ్యోరింగ్ అనే జర్మన్ ఊళ్ళో ఉండేవాళ్ళం. అన్నీ మూసేసినా, ఒకే ఇంటివాళ్ళయితే కొండల కింది సరస్సులో చిన్న తెరచాప పడవ నడుపుకోవచ్చని తెలిసి మా ఆయన చిన్నపిల్లాడైపోయారు. హుసేన్‌సాగర్‌లో నేర్చుకున్న విద్య ఆయనది. అక్కడ పడవ బోల్తా పడడమంటే కాటన్ చొక్కాతో గోరువెచ్చని నీళ్ళలో పడి, నవ్వుకుంటూ మళ్ళీ ఎక్కడమే. ఇక్కడేమో, ఒకరు తొడిగిన సూటు ఇంకొకరు తొడిగితే వైరస్ అంటుతుందని, ఆ ఏడు సరస్సు దగ్గర, చన్నీళ్ళలో పడ్డా ఒళ్ళు గడ్డకట్టకుండా కాపాడే రబ్బరు సూట్లు అద్దెకివ్వడమే మానేశారు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అచ్చం అలాగే.

ఆ ఏప్రిల్ ఆదివారం ఎండ ఎంత ముద్దుగా ఉందంటే, ఒడ్డున జనం చొక్కాలు విప్పేసి పడుకున్నారు. ఈయన జీన్స్, కాటన్ చొక్కా, పైన లైఫ్ జాకెట్ వేసుకున్నారు. కొండల మీది మంచు కరిగి వచ్చిన నీళ్ళవి; వేలు ముంచిన మా అమ్మాయి చటుక్కున వెనక్కి తీసుకుని, వెళ్ళొద్దు నాన్నా అని జర్మన్‌లో అరిచింది.

"అరె, పడితే ఏమైతది బేటా, మళ్ల ఎక్కుత" అంటూ ఆయన ఒక్కరే పడవెక్కి తాడు విప్పేశారు.

ఒడ్డు దాటి కాస్త దూరం పోయారో లేదో, గాలి ఒక్కసారిగా తిరిగి పడవ ఒరిగి ఆయన నీళ్ళలో పడ్డారు. ఒడ్డున నిలబడి నేను ఆయన నవ్వు కోసం చూశాను. నవ్వు రాలేదు, ఊపిరి అందక ఎగపీల్చే శబ్దం వచ్చింది. పడవ అంచు పక్కనే ఉన్నా వేళ్ళు పట్టు దొరకక జారిపోతున్నాయి, అంత ఈతగాడూ జాకెట్ మీద బొమ్మలా తేలుతున్నారు. ముసలి దంపతులిద్దరు తమ పడవ మళ్ళించి, ఎడం పాటించాలన్న మాటే మరిచి, చంకల్లో చేతులు వేసి పైకి లాగారు. ఆయన పెదవులు నేరేడుపండు రంగుకు తిరిగాయి, పేరడిగితే చెప్పలేకపోయారు.

ఆ రోజుల్లో చావు గాలిలోంచే వస్తుందని అందరం ముక్కూ నోరూ కప్పుకుని కూర్చున్నాం. ఆ మాస్కులూ పోయాయి, ఆ భయాలూ పోయాయి, ఆయన బతికారు, ఆరోగ్యంగానే ఉన్నారు. కానీ పెళ్ళయిన కొత్తలో స్నానం చేస్తూ వీధంతా వినిపించేలా పాడిన మనిషి ఇప్పుడు పాడరు. ఆయన స్నానానికి వెళ్ళినప్పుడల్లా, నీళ్ళ చప్పుడు ఆగి తలుపు తెరుచుకునేదాకా నేను బయటే నిలబడి ఉంటాను.