వాషర్ పట్టుకుని దేవరకొండకు

మా చెల్లె స్వరూప ఫోన్లో ఏడ్చే మనిషి కాదు. అలాంటిది ఆ సాయంత్రం ఏడుస్తూ, "అక్కా, రేపు నాలుగు గంటలకు నా బండి అమ్ముతున్నరు" అన్నది.

స్వరూపది దేవరకొండ దగ్గర చిన్న పల్లె. ఆమె భర్త మల్లేశ్ గొర్రెలు కాస్తాడు. ఆమె స్కూటర్ మీద ఊరూరూ తిరిగి గాజులు, జాకెట్ ముక్కలు అమ్ముతుంది. ఆ స్కూటర్ కింద కొద్దిరోజులుగా ఇంజన్ ఆయిల్ కారుతోందట. ఇంజన్ పని అయిపోయిందని చూసినవాళ్లంతా తేల్చేశారు. ఊర్ల మధ్య ఒంటరిగా ఉన్నప్పుడు బండి ఆగిపోతే ఎట్లా అని మల్లేశ్ భయపడి, పాత బండ్లు కొనే ఒకాయనకు మాట ఇచ్చేశాడు. ఆ బండి పోతే స్వరూప మళ్లీ గడప దాటేది ఏ పండక్కో, ఏ పెళ్లికో.

"ఎప్పటిసంది కారుతాంది?" అని అడిగాను.

"ఇంట్లనే ఆయిల్ మార్చినం. గప్పటిసందే."

ఆ మాట వినగానే నాకు సగం రోగం తెలిసిపోయినంత సంబరమైంది. నాది ఆలేరులో కుట్టుపని. పోయినేడు నా బండికి ఇదే జబ్బు వస్తే ఇంటి ముందే కూర్చుని కుదుర్చుకున్నాను. అప్పటి నుంచి ఎవరి బండి కింద నల్లమరక కనిపించినా వంగి చూడకుండా ఉండలేను. మా వాడకట్టులో నా పరువు అట్లా పోయింది. "రేపు వస్తున్న, ఎవ్వలకూ ఇయ్యకుండ్రి" అని చెప్పి సంచి సర్దాను: రెండు పానాలు, కొత్త వాషర్లు, ఒక సీసా ఇంజన్ ఆయిల్, పాత బనియన్ గుడ్డలు, మొహానికి రాసుకునే పౌడర్ డబ్బా.

పొద్దున ఆరున్నరకు మోత్కూరు బస్సు ఎక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్ కాబట్టి దేవరకొండ దాకా బస్సు ఖర్చు లేనట్టే. కార్డు మాత్రం పైనే పెట్టుకోండి. నేను సంచి అడుగున పెట్టి, అది తీయడానికి పానాలతో సహా అన్నీ సీటు మీద పరిచాను. కండక్టర్ చూసి, "అక్కా, మా బస్సు మంచిగనే నడుస్తాంది, విప్పకు" అన్నాడు. బస్సంతా నవ్వింది, నేను కూడా.

మోత్కూరులో చాయ్ తాగి, అమ్మనబోలు, నార్కెట్‌పల్లి మీదుగా నల్గొండ పోయే బస్సు పట్టుకున్నాను. పక్కన ఒక ముసలమ్మ కూరగాయల గంప ఒడిలో పెట్టుకుని కూర్చుంది. సంచిలో ఏముందని అడిగితే చెప్పాను. చెప్పడమే పొరపాటు. వెనక సీటు ఆయన ముందుకు వంగి, "ఆయిల్ కారుతాందంటే ఇంజన్ బోర్ పోయినట్టే" అన్నాడు. కిటికీ దగ్గరి ఆయన, "కాదు, సీలు పోయింది, ఇంజన్ దించాలె" అన్నాడు. నార్కెట్‌పల్లి వచ్చేసరికి సగం బస్సు మా చెల్లె ఇంజన్ను విప్పి మళ్లీ బిగించింది. చివరికి ముసలమ్మ, "బండి చూసినోడు ఒక్కడు లేడు, గింత లొల్లి ఎందుకయ్యా" అనేసరికి అందరం సద్దుమణిగాం.

నల్గొండ బస్టాండులో ఇడ్లీ తిన్నాను. చట్నీ నీళ్లగా ఉన్నా ఆ రోజు నాకు అమృతమే. పదింటికి దేవరకొండ బస్సు దొరికింది. ఆ వేళకు పోయేవాళ్లు కుడివైపు కూర్చోండి, ఎండ పడదు. కనగల్ దాటాక బత్తాయి తోటలు, వాటి నడుమ పత్తి చేలు. ఎందుకో పాట పాడాలనిపించింది. బస్సు నిండా జనం ఉన్నారని ఊరుకున్నాను.

దేవరకొండలో దిగి, షేర్ ఆటోకు ముప్పై రూపాయలిచ్చి, పన్నెండున్నరకు చెల్లె ఇంటి ముందు దిగాను. స్వరూప కళ్లు ఉబ్బి ఉన్నాయి. ఆమె అత్త నర్సమ్మ జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టి నా పక్కనే కూలబడింది.

"బండికి దిష్టి తగిలింది బిడ్డా. కోడలు నాలుగు ఊర్లు తిరుగుతాందని ఎవ్వలకో కండ్లమంట. ఇంక ఇంట్ల ఉంచొద్దు."

తిని చెయ్యి కడిగి పనిలోకి దిగాను. ఆయిల్ వెనక చక్రం దగ్గర చుక్కలుగా పడుతోంది. కానీ చుక్క పడే చోటే కారే చోటని నమ్మకూడదు. ఇంజన్ అడుగంతా మట్టి, నూనె కలిసి మెత్తుకుపోయి ఉంది. సర్ఫు నీళ్లతో కడిగి, గుడ్డతో తుడిచి, బాగా ఆరనిచ్చి, పౌడర్ చల్లాను. ఇంజన్ తెల్లగా అయ్యేసరికి మల్లేశ్, "వదినా, పెండ్లికి తయారు చేస్తున్నవా" అన్నాడు. కొంచెంసేపు నడిపించి ఆపాను. తెల్లటి పౌడర్ మీద ఎక్కడ నల్లగా తడిస్తే అక్కడే కన్నం.

నేల మీద పడుకుని చూశాను. అడుగున, పాత ఆయిల్ దించే బోల్టు చుట్టూ పౌడర్ తడిసింది. అక్కడి నుంచి ఒక నల్లని గీత వెనక చక్రం వైపు సాగింది. గీతను గోటితో గీకితే కదిలింది. పట్టి లాగితే బోల్టు కింది నుంచి వేలెడు పొడుగు దారం బయటికి వచ్చింది. నల్ల ఉన్ని దారం, నూనెలో నాని ఉంది.

"గిదేంది మల్లేశూ?"

మల్లేశ్ తల్లి వైపు చూశాడు. నర్సమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నేనే కట్టమన్న బిడ్డా. దిష్టి దారం. నలుగురి కండ్ల వడకుండ అడుగున కట్టమన్న."

ఆయిల్ మార్చిన రోజు మల్లేశ్ బోల్టు మెడకు ఆ దారం నాలుగు చుట్లు చుట్టి, పాత వాషర్ అడ్డమొస్తోందని తీసేసి బిగించాడట. ఉన్ని నూనెను పీల్చి కొస దాకా తెచ్చి వదులుతోంది. కోడలిని కాపాడాలని కట్టిన దారమే కోడలి బండికి ఎసరు పెట్టింది. నాకు నవ్వు ఆగలేదు. నేల మీద పడుకునే నవ్వుతుంటే స్వరూప కూడా మొదలుపెట్టింది, తర్వాత మల్లేశ్. అందరికంటే ఆఖరున నర్సమ్మ కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వి, "నా చేతులు ఇరగ" అని తన నెత్తి తనే కొట్టుకుంది.

ఇంజన్ చల్లారాక బేసిన్ పెట్టి బోల్టు విప్పాను. పాత ఆయిల్ దిగింది. మరలు శుభ్రంగా తుడిచి, కొత్త వాషర్ వేసి, బిగించాను. ఇక్కడ బలం చూపించొద్దు, మరలు చెడిపోతే అప్పుడు నిజంగానే ఖర్చు. కొత్త ఆయిల్ పోసి, కొలిచే పుల్లతో గుర్తు దాకా వచ్చిందో లేదో చూసి, మళ్లీ నడిపించి, కింద అట్టముక్క పరిచాను. నర్సమ్మ దారాన్ని ఉతికి అద్దం కడ్డీకి కట్టింది. ఈసారి నలుగురికీ కనబడేటట్టే.

నాలుగు కాకముందే కొనేటాయన వచ్చాడు. వంగి అట్టముక్క చూశాడు. పొడిగా ఉంది. ఇంజన్ స్టార్ట్ చేసి చెవి పెట్టి విన్నాడు. ఆయన మొహం వికసించింది, పాడైన బండి ధరకే మంచి బండి దొరికింది మరి.

"కారితే కారింది తీయ్ మల్లేశ్. మాట ఇచ్చినవ్ గద, తీస్కపోత" అన్నాడు.

అప్పుడు స్వరూప గాజుల డబ్బాలు తెచ్చి బండికి కట్టింది. "జర ఆగు అన్నా, రిపేరైన బండి గద, ఒక్క చుట్టు తిప్పి చూస్త" అని, జవాబు వినకుండా వెళ్లిపోయింది.

ఆయన అరుగు మీద కూర్చున్నాడు. నర్సమ్మ చాయ్ ఇచ్చింది. ఇంకోసారి ఇచ్చింది. గొర్రెలు ఇల్లు చేరాయి. "గీ చుట్టు ఏ ఊరు మీదికెళ్లి?" అని ఆయన అడిగితే, "గాజులు ఒడిసెదాక" అన్నది నర్సమ్మ. ఆయన లేచి చెప్పులేసుకున్నాడు. మల్లేశ్ సాగనంపుతూ, "ఏమనుకోకు అన్నా, బండి ఆమెది. అమ్ముత అన్నది నేను" అన్నాడు. దీపాలు పెట్టే వేళకు స్వరూప ఖాళీ డబ్బాలతో తిరిగొచ్చింది.

మర్నాడు పొద్దున నన్ను ఆ బండి మీదే దేవరకొండ బస్టాండుకు తీసుకొచ్చింది. దారంతా ఆమె మాట్లాడుతూనే ఉంది, గాలికి సగమే వినిపించింది. ఈ దారిన వచ్చేవాళ్లకు చెప్పేదేమంటే, బస్సులకు కొదవలేదు, బత్తాయిలు తీయన, మనుషులు ఇంకా తీయన, సలహాలు మాత్రం బస్సు నిండా దొరుకుతాయి. నల్గొండ బస్సు కదిలేదాకా చెల్లె కిటికీ దగ్గర నిలబడి కళ్లు తుడుచుకుంటుందని, నేను ధైర్యం చెప్పాలని మాటలు కూడా తయారు చేసుకున్నాను. నేను సీట్లో సంచి పెట్టి తల తిప్పేసరికి ఆమె అప్పటికే బండి తిప్పేసింది.

"పోత అక్కా, మార్కెట్ల గాజులు తెచ్చుకోవాలె, మొత్తం ఒడిసినయ్" అని ఒక్క చెయ్యి ఊపింది.

కొంచెం చిన్నబుచ్చుకున్నాను. తర్వాత కొండమల్లేపల్లి దాకా ఒక్కదాన్నే నవ్వుకుంటూ కూర్చున్నాను. నన్ను సాగనంపే తీరిక మా చెల్లెకు లేదు.