బంగారు గరిక

ఆ రోజుల్లో ఒక బస్తా యూరియా పడితే లోకంలో ఏ లోటైనా తీరిపోతుందని నాకు గట్టి నమ్మకం. పినపాక దాటాక అడవి మొదలయ్యే చోట ఒక సర్కారు గెస్ట్ హౌస్ ఉండేది. దాని ముందు గరిక లాన్. దానికి ఇద్దరం రోజుకూలీలం, నేనూ గరిక తాతా. తాతది అడవి లోపలి ఊరు, నాకంటే ఎన్నో ఏళ్ల ముందునుంచీ అక్కడే పని. తెల్లవారితే గోదావరి మీది మంచు లాన్ దాకా పాకి వచ్చేది. ఉత్త కాళ్లతో అందులో నడుస్తుంటే నేల మీదున్నానో మబ్బు మీదున్నానో తెలిసేది కాదు.

దీపావళి ముందు కబురొచ్చింది. గెస్ట్ హౌస్ మీద అజమాయిషీ చేసే పెద్దసారు వచ్చి లాన్ చూసి మెచ్చుకుంటే ఒక మాలి పోస్టు పర్మినెంటు చేస్తారట. ఒక్కటే పోస్టు. అది నాకే వచ్చిందని నేను ఇంట్లో చెప్పేశాను, మా అమ్మ వాడంతా చెప్పేసింది.

నేను యూరియా బుట్ట ఎత్తగానే తాత అడ్డమొచ్చాడు.

“ఆగు పిలగా! సలి వస్తున్నది. గిప్పుడు గడ్డి వేర్లల్ల బువ్వ దాసుకుంటది. యూరియా తగిలిందంటే ఆ దాసుకున్నదంత ఆకులకే పెడ్తది.”

“పెట్టనీ తాతా! సారు చూసేది ఆకులనే గదా, వేర్లు పీకి చూస్తడా ఏంది?”

మూడు బస్తాలు చల్లాను. (ఒకటే. మూడు దఫాలుగా.) గరిక మోకాళ్ల దాకా లేచింది. (చీలమండల దాకా.) నేల మీద పడుకుని చెవి ఆనిస్తే అది పెరుగుతున్న చప్పుడు వినిపించేది. (చీమలని తాత అన్నాడు.) మూడు రోజులకోసారి కోసినా మళ్లీ లేచేది. ఆ పచ్చదనంలో వెల్లకిలా పడుకుని, యూనిఫారం వేసుకుని పెళ్లిచూపులకు వెళ్లినట్టు పగటి కలలు కనేవాణ్ణి.

పెద్దసారు రాక నెల వాయిదా పడింది. చలి మాత్రం వాయిదా పడలేదు. ఉన్నదంతా ఆకులకే పోసేసిన గరిక, మళ్లీ చిగురు తొడిగే సత్తువ లేక పసుప్పచ్చగా ఎండి పడుకుంది. వంటగది వెనక, తాత నన్ను యూరియా చల్లనివ్వని మడి మాత్రం కాస్త రంగు వెలిసినా దట్టంగానే ఉంది.

పెద్దసారు వచ్చి లాన్ ముందు నిలబడిపోయారు.

“కొత్త రకం సార్,” అన్నాను. “బంగారు గరిక అంటరు.”

ఆయన కూర్చుని ఒక కుదురు లాగారు. దారప్పోగుల్లాంటి వేర్లతో ఊడి వచ్చింది.

“ఎన్నిసార్లు ఏసినవయ్యా యూరియా?”

“ఒక్కసారి సార్.”

ఆయన నా మొహమే చూస్తున్నారు.

“రెండు... మూడు సార్.”

“బంగారం మంచిగనే పండించినవ్ పో! వంటింటి ఎనక మడి ఎవరిది?”

తాత తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. “నాదే సారూ. నేనేం జెయ్యలే. దాన్ని పండుకోనిచ్చిన, గంతే.”

పోస్టు తాతకే ఇచ్చారు.

నేనే సారుకు నచ్చజెప్పి ఆ పోస్టు తాతకు ఇప్పించానని నలభై ఏళ్లుగా ఇంట్లో చెప్పుకుంటున్నాను. అబద్ధం. ఆ సమయానికి నేను పంపు గది వెనక కూర్చుని వెక్కివెక్కి ఏడుస్తున్నాను. తాత వచ్చి పక్కన కూర్చున్నాడు. “ఎండలు ముదిరితే మల్ల సిగురేస్తది తియ్. అందాక నువ్వు రోజూ రా, నేర్పుత.” వెళ్లాను. ఆలస్యంగా, అక్కడక్కడా, చిగురు వేసింది.

ఇప్పటికీ కళ్లు మూసుకుంటే ఆ మంచులో నడుస్తున్న కుర్రవాడు కనిపిస్తాడు. చెవి మెలిపెట్టి బుద్ధి చెబుదామని దగ్గరికి వెళతాను. వాడు గడ్డి పెరిగే చప్పుడు వినమంటాడు. మోకాళ్లు నొప్పి పెడుతున్నా, వాడి పక్కన పడుకుని చెవి ఆనిస్తాను.