నర్సు అడిగింది దారి

వరద తీసిన నాలుగో రోజు పొద్దున, బస్సు కండక్టరు తన బీరువాలో మంచి చీరలు ఏరి మూట కట్టుకుని, సహాయ శిబిరం నడుస్తున్న బడికి బయలుదేరింది. ఇరవై రెండేళ్లుగా బస్సులో అరిచీ అరిచీ ఆవిడ గొంతు కంచులా మోగుతుంది. డిపోలో అందరికీ ఆవిడ మైకక్క. బస్సులు ఆగిపోవడంతో ఇంట్లో కాలు నిలవడం లేదు.

బడి గేటు దగ్గర కిటికీల ఎత్తున పాత బట్టల గుట్ట, తడిసి కంపు కొడుతోంది. పైన ఎవరిదో పెళ్లి కోటు, పక్కన జత లేని బూటు. రోడ్డు పొడవునా దాతల లారీలు బారులు తీరాయి. మెట్ల మీద ఒక నర్సు, చేతిలో కట్టుగుడ్డతోనే కునుకు తీస్తోంది.

"తల్లీ, ఈ చీరలు ఎక్కడ పెట్టమంటావ్?"

నర్సు ఉలిక్కిపడి లేచింది. "చీరలొద్దక్కా, దారి కావాలి. నీళ్లు శుద్ధి చేసే బండి తెల్లవారినప్పటి నుంచీ ఈ లారీల వెనక మలుపులో ఇరుక్కుపోయింది. లోపల నలభై మంది పిల్లలకి విరేచనాలు."

మైకక్క మూట చంకన పెట్టుకుని మలుపు దాకా నడిచి, లారీలు వెనక్కి తీయమని కేకేసింది.

"రాత్రంతా నడిపి తెచ్చాం, వెనక్కి పొమ్మంటారా?" అని ఒక లారీవాడు గయ్యిమన్నాడు.

"నీ మనసు వెన్న నాయనా, కాదన్నానా? సరుకు మా డిపో షెడ్డులో దింపండి. ఎవరికేం కావాలో అడిగి పంచుదాం. ఇన్నేళ్లూ లోపలికి జరగండని అరిచాను, ఇవాళ వెనక్కి జరగండని అరుస్తున్నా. వింటావా, లేదా?"

అతను నవ్వేసి రివర్సు గేరు వేశాడు. ఒక్కొక్కటే లారీలన్నీ కదిలాయి.

మధ్యాహ్నానికి నీళ్ల బండి లోపలికొచ్చింది. పెదాలు పగిలి ఉన్నా నర్సు మొదటి గ్లాసు ఓ పాపకి పట్టింది. తర్వాత ఒక ముసలాయన కాలి పుండు కడగడానికి కూర్చుంది. మైకక్క చెంబుతో నీళ్లు పోసింది.

"నీకెవరూ లేరా అమ్మా?" అన్నాడు ముసలాయన.

"నాన్న ఉన్నాడు తాతా, పల్లపు వీధిలో. నాలుగు రోజులుగా కబురు లేదు." ఆమె చేతులు మాత్రం ఆగలేదు.

బస్సులో ఎన్ని వేల మొహాలు చూసిందో మైకక్క, ఇలాంటి మనిషిని చూడలేదు. ఆమె నాన్న ఆనవాళ్లు అడిగి తెలుసుకుని డిపోకి పరుగుతీసింది. ఖాళీగా ఉన్న కండక్టర్లు పద్దెనిమిది మంది, ఒక్కో శిబిరానికి ఒక్కొక్కరు వెళ్లారు. పొద్దు వాలకముందే ఒక మిల్లు గోదాములో ఆయన దొరికాడు.

నర్సు ఫోను చెవి దగ్గర పెట్టుకుని "నాన్నా" అంది. గోడకానుకుని కాసేపు వెక్కివెక్కి ఏడ్చింది. తర్వాత మొహం కడుక్కుంది. "అక్కా, రేపటికి సబ్బులు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు కావాలి. మీవాళ్లతో చెప్పగలరా?"

మర్నాటి నుంచీ డిపో గోడ మీద రోజూ కావలసిన వాటి జాబితా సుద్దతో రాశారు. జనం అది చదివి, అందులో ఉన్నవే తెచ్చారు. నర్సుకి రోజుకి నాలుగు గంటల నిద్ర దొరికింది.

బస్సులు మళ్లీ మొదలయ్యాక, శిబిరం ఎత్తేసేదాకా, మైకక్క ఆ బడి ముందు బస్సు ఒక్క నిమిషం ఆపించేది.

"ఇక్కడ స్టాపు లేదుగా?" అని ఎవరైనా విసుక్కుంటే, వరండా వైపు చూపించేది. "అదిగో, తెల్ల కోటులో. ఆ పిల్లని ఒకసారి చూడండి."

బస్సంతా కిటికీల్లోంచి తొంగి చూసేది.