‘ప’ తీసి ‘హ’ పెట్టు

డ్రాయింగ్ మాస్టరు రంగుల సంగతి చూసుకోవాలి గానీ భాష జోలికి ఎందుకు పోవాలి? నేను పోయాను. ఒక రోజు కాదు, ఇరవై ఏళ్లు. రాయచూరులో మా ఇల్లు తాతల నాటిది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, బజార్లో ఉర్దూ. మా కన్నడ మీడియం హైస్కూల్లో తెలుగు పిల్లలు బిక్కమొహాలు వేసుకుని కూర్చుంటే, ధైర్యం చెప్పడానికి ఒక చిట్కా తయారు చేసి పెట్టుకున్నాను.

“‘ప’ తీసి ‘హ’ పెట్టు, ఎన్కున్న సున్న వడగొట్టు. కన్నడం అయిపాయె! పాలు హాలు, పులి హులి, పత్తి హత్తి. దీపం దీప, బెల్లం బెల్ల. గింతే గద!”

పిల్లలు నవ్వేవారు. వాళ్లకంటే ముందు నేనే నవ్వేవాణ్ని. నా జోకు మీద నాకంత ముచ్చట.

రెండేళ్ల కింద మా పిల్లల బొమ్మలను ఊళ్లోని పబ్లిక్ లైబ్రరీలో పెట్టడానికి అనుమతి దొరికింది. పేపర్లు చదివే హాల్లో బల్లలు పక్కకు జరిపి, తాళ్లు కట్టి, బొమ్మలను క్లిప్పులతో వేలాడదీశాం. వాటిలో చంద్రబండ పల్లె నుంచి వచ్చే తొమ్మిదో తరగతి పిల్ల వేసిన బొమ్మ ఒకటుంది. ఏడో తరగతి దాకా ఆ పిల్ల సరిహద్దు అవతల అమ్మమ్మ ఊళ్లో తెలుగు బడిలో చదివింది. పొయ్యి ముందు తల్లి, పెనం మీద జొన్నరొట్టె, రొట్టె మీద తడిగుడ్డతో నీళ్లు రాస్తున్న చెయ్యి. ఇదీ బొమ్మ. నలుపు కోసం పెనం అడుగున ఉన్న మసినే గీకి తెచ్చి పూసింది. ఇన్నేళ్లలో నా పిల్లలెవరూ అంత మంచి బొమ్మ వేయలేదు.

తల్లి పత్తి చేలకు కూలికి పోయేది. కూతురు వేసిన బొమ్మ ఒక్కటీ నిలబడి చూసింది లేదు. ఆ రోజు మాత్రం పని మానుకుని పదిన్నర బస్సుకు వస్తానంది. పిల్లకు వారం రోజులుగా అదే మాట. “మా అమ్మ వస్తది సార్, మంచిగ కనవడేకాడ పెట్టుండ్రి.” వాకిలికి ఎదురుగానే పెట్టాను.

బొమ్మల పేర్లు పిల్లలు కన్నడంలో రాసిస్తే, లైబ్రరీ గుమాస్తా వాటిని అట్టముక్కల మీద అందంగా దించాడు. నేను తాళ్లు వంకర పోకుండా చూసుకున్నానే తప్ప పేర్లు చదవలేదు.

పది గంటలకు లైబ్రేరియన్ మేడం ఆ బొమ్మ దగ్గర ఆగింది. పిల్ల తల మీద చెయ్యి వేసి, మీ అమ్మ పోయి ఎన్నాళ్లయిందని కన్నడంలో మెల్లగా అడిగింది. ఎక్కడికి పోయిందని అడుగుతోందో పిల్లకు అర్థం కాలేదు. “బస్సులో వస్తోంది మేడం” అంది.

హెడ్మాస్టరు దగ్గరికొచ్చి అట్టముక్క పైకి చదివాడు. “నమ్మవ్వన హెణ.”

అంటే ‘మా అమ్మ శవం’. పిల్ల రాయాలనుకున్నది ‘మా అమ్మ పెనం’. ‘ప’ తీసి ‘హ’ పెట్టింది, చివరి సున్నా తీసేసింది. ‘హెన’ అని రాసిస్తే, గుమాస్తా అక్షరం తప్పనుకుని ‘ణ’ చేశాడు. చుట్టూ ఉన్న పిల్లలు పకపకా నవ్వారు.

“ఇదన్న నినగె యారు కలిసిదరు?” ఎవరు నేర్పారని హెడ్మాస్టరు గద్దించాడు.

పిల్ల నా వైపు ఒక్కసారి చూసి తల దించుకుంది. “నానే బరెదె సార్.” నేనే రాశానంది.

అప్పుడు నేను నోరు తెరవాలి. తెరవలేదు. దగ్గి, పక్క బొమ్మ క్లిప్పు సరిచేశాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

పేరు మారిస్తే చాలు కదా అంది మేడం. శుభమా అని ప్రారంభం పెట్టుకుంటే ఈ అపశకునమేంటి, పదకొండుకు అతిథులొస్తారు, తీసేయమన్నాడు హెడ్మాస్టరు. ఇంకొకరు చెయ్యి వేసేలోపే పిల్ల తన బొమ్మను తానే క్లిప్పులూడదీసి, చుట్టుకుంటూ బీరువాల మధ్యకు పోయింది. నేను వెనకాలే పోయాను.

“చుట్టకే, మసి రాల్తది.”

“చింపుత సార్. అమ్మకు పెట్టలేదని చెప్త.” రెండు చేతులూ కాగితం అంచు మీదే ఉన్నాయి. వద్దనడానికి నాకు ముఖం చెల్లలేదు.

ఇంతలో వాకిట్లోంచి గొంతు వినిపించింది. “మా పిల్ల బొమ్మ ఏడుంది?”

పిల్ల కాగితం వీపు వెనక దాచుకుని బయటికొచ్చింది. “నాది పెట్టలే అమ్మా.”

“పని ఇడ్సిపెట్టి రమ్మంటివి గదనే!” ఆమె గొంతులో కోపం లేదు. ఊరికే దిగాలుపడిపోయింది.

ఇక నేను ఆగలేకపోయాను. తప్పు నాదని, ఆ చిట్కా నేర్పింది నేనేనని ఆమెకు తెలుగులో, హెడ్మాస్టరుకు కన్నడంలో అందరి ముందూ చెప్పాను.

కన్నడ రైతుల చేలల్లో పనిచేసిన మనిషి, ‘హెణ’ అంటే ఏంటో ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు. కూతుర్ని దగ్గరికి లాక్కుంది. “ఏడ్వకు బిడ్డా. బతికున్నదాన్ని సచ్చిందంటే ఆయుష్షు వెరుగుతదంట. నూరేండ్లు రొట్టెలు జేసి పెడ్త తియ్.”

బొమ్మ విప్పించి, తాకకుండా వేలు చూపిస్తూ చాలాసేపు చూసింది. “నేను గిట్ల కూసుంటనానే?” అంది. మూల కొంచెం మసి రాలింది గానీ బొమ్మలోని చెయ్యి చెదరలేదు. హెడ్మాస్టరు పక్కకు తప్పుకున్నాడు. బొమ్మ మళ్లీ ఎక్కింది.

కొత్త అట్టముక్క, పెన్ను నేనే తెచ్చాను. పెనాన్ని కన్నడంలో ‘హంచు’ అంటారని చెప్పడానికి సిద్ధంగా నిలబడ్డాను. పిల్ల నా చేతిలోంచి రెండూ తీసుకుంది. నన్ను దాటుకుని లైబ్రేరియన్ మేడం దగ్గరికి పోయి, పెనాన్ని ఏమంటారని ఆమెను అడిగింది.