ఉబ్బిన నెమలి మెడ

సోలాపూర్‌లో చద్దర్లకు డిజైన్లు గీసే మా పెదనాయిన, భుజం మీది రుమాలుతో కంప్యూటర్ తెరను తుడవనిదే పని మొదలుపెట్టేవాడు కాదు. నెమలి మెడ దగ్గర ఆ తెర ఒక పోగును చూపించేది కాదు. లోటనుకుని ఆయన ఇంకో పోగు కలిపేవాడు. తెర మీద మెడ సాఫుగా కుదిరేది, నేసిన చద్దరులో మాత్రం ఉబ్బేది.

"కంప్యూటర్ల సక్కగనే ఉంది. నీ చెయ్యే బరాబర్ లేదు," అని మగ్గం నడిపే దోస్తును తిట్టి, పనిలోంచి మాన్పించాడు.

లోపం తెర మీద బొమ్మను చూపించే గ్రాఫిక్స్ డ్రైవర్ అనే ప్రోగ్రామ్‌ది. దాని కోడ్ ఎవరైనా దిద్దొచ్చు కనుక నేనే దిద్ది, పెదనాయినను గొప్పగా పిలిచి చూపించాను. ఇప్పుడు తెర మీద కూడా మెడ ఉబ్బి ఉంది, అచ్చం చద్దరులోలాగే.

పెదనాయిన రుమాలుతో తుడిచాడు. మళ్లీ తుడిచాడు.

"గట్లైతే నేను వాణ్ని ఉత్తగనే తిట్టినట్టా?" అన్నాడు. తర్వాత మెల్లగా, "తెరను ముందటి లెక్కనే చెయ్యరాదా బిడ్డా?"

చేతకాదని అబద్ధమాడాను.